పట్టు కట్టుకున్న బిందె

ఆ రోజుల్లో మా ఊరిగాం లైనులో మనిషికి లేని మర్యాద బిందెకు ఉండేది. బంగారు గనులు మూతపడి, వాటితోపాటు కంపెనీ వాళ్లు వదిలే నీళ్లూ మూతపడిన కొత్త. ఇప్పటి పిల్లలకు ఆ సంగతి చెబితే నవ్వుతారు. కొళాయి తిప్పి వదిలేసి, ఫోను చూసుకుంటూ పళ్లు తోముకునేవాళ్లకు నీళ్ల విలువ ఏం తెలుస్తుంది? (మా మనవరాలు అట్లాగే తోముకుంటుంది. నేను వెళ్లి కట్టేసి వస్తాను, అది మళ్లీ తిప్పుతుంది. పొద్దున్నే మా ఇద్దరి పూజ ఇదే.) నేను చదివింది నాలుగో తరగతి. అదీ గౌనిపల్లిలో, శెనక్కాయలు పీకే రోజులు పోగా మిగిలిన రోజుల్లో. కాబట్టి నా రాతలో తప్పులుంటే సర్దుకోండి. బిందె విషయంలో మాత్రం నన్ను తప్పు పట్టేవాళ్లు ఇంకా పుట్టలేదు.

లైను అంటే ఒకే కప్పు కింద వరసగా ఉండే కంపెనీ ఇళ్లు. వాటన్నిటికీ కలిపి వీధి చివర ఒకటే కొళాయి. నీళ్లు వస్తే వారానికోసారి, అదీ ఉన్నంతసేపు ఉండి చెప్పకుండా పోయేవి. మొదట్లో అక్కడ జుట్లు పట్టుకున్నాం. ఒకామె తన చెల్లెలి బిందెను కూడా తనదే అంటుంది. ఇంకొకామె నిన్నటి చిన్న బిందె స్థానంలో ఈ రోజు గాడిద మోసేంత బిందె తెచ్చి పెడుతుంది. చివరికి గనిలో షిఫ్టు మేస్త్రీగా చేసిన పెద్దాయన ఒకాయన మెడలో ఈల వేసుకుని వచ్చాడు. అందరం ఆయనను ఈల తాత అనేవాళ్లం. ఆ రోజు ఏ బిందె ఎక్కడుందో అక్కడే ఉంచి, ఎర్ర రంగుతో నంబర్లు వేసేశాడు. "ఇంగ ఈ వరస మారదు. స్థానం కొడానిది, మనిషిది కాదు. మనిషి అబద్ధం చెప్తాది, కొడం చెప్పదు" అన్నాడు. (ఆయనది అరవం. కొడం అంటే బిందే.) ఆ బిందె వంతు వచ్చి అది నిండితే, దాని వెనకాల ఆ ఇంటి తక్కిన పాత్రలు నింపుకోవచ్చు. కొత్త బిందె కొన్నారో, తోకకు పోవాలి. బిందె కారిందో, నీళ్లు నేలపాలు కాబట్టి అదీ తోకకే. తోక దాకా కొళాయికి ఓపిక ఉండేది కాదు. అందుకని మా లైనులో బిందెలు ముసలివి అయ్యేవిగానీ చచ్చిపోయేవి కావు. మేం చావనిచ్చేవాళ్లం కాదు.

మా నీలం బిందెది మూడో స్థానం. మా వెనక నాలుగో స్థానం మూలింటక్క ఆకుపచ్చ బిందెది. మూలింటక్క నాకంటే కొంచెం పెద్దది. ఆమె ఇంట పులుసు కాస్తే మా ఇంటికి గిన్నె వస్తుంది, మా ఇంట పచ్చడి నూరితే ఆమె ఇంటికి పోతుంది. కొళాయి దగ్గర మాత్రం మాకు చుట్టరికం లేదు.

అట్లాంటి రోజుల్లో మా అమ్మాయి పురిటికి వచ్చింది, ఆడపిల్ల పుట్టింది. నలభై నిండకుండానే నేను అమ్మమ్మనయ్యాను. (ఇప్పుడు చూసుకుంటే అది పడుచుతనమే. అప్పుడు మాత్రం పెద్దరికం వచ్చేసిందని ముఖం గంటు పెట్టుకుని తిరిగేదాన్ని.) బిడ్డను చూడటానికి వచ్చిన అల్లుడు వెళ్లబోతూ వాళ్లమ్మ మాట చెప్పాడు. "పదకొండో దినం పేరు పెట్టేదానికి అమ్మ వస్తాదత్తా. నీళ్లు లేని ఊర్లో బాలింత ఎట్ల ఉంటాది, ఆ దినమే తల్లినీ బిడ్డనీ పిల్చకపోదాము అనింది." నంగలిలో మా వియ్యపురాలికి బావి ఉంది, బావికి మోటారు ఉంది, ఆ రెండూ ఉన్నాయన్న గర్వం కూడా ఉంది. మా అమ్మాయి బిడ్డ వైపు తిరిగి పడుకుంది. మూడో నెల దాకా నా దగ్గర ఉండాలని దానికి ఆశ. నాకు లేదా మరి? ఈల తాత లెక్క ప్రకారం ఆ పదకొండో రోజే మా నీళ్ల రోజు కూడా. వియ్యపురాలు అడుగుపెట్టే వేళకు ఇంట్లో ప్రతి పాత్రా అంచుదాకా నిండి ఉండాలి, అంతే అనుకున్నాను.

అనుకున్నాక ఊరికే ఉండొచ్చు కదా. బిడ్డ పుట్టాక వచ్చిన మొదటి నీళ్లప్పుడు, ఇంట్లో బిడ్డ ఏడుస్తోందని తొందరపడి, నిండు బిందెతో కాలవ రాయి మీద జారాను. నాకేమీ కాలేదు. బిందె కడుపుమీద మాత్రం జానెడు పగులు. చంకన పెట్టుకుని, పగులుకు అరచెయ్యి అడ్డం పెట్టి నడిచాను. కొళాయి నుంచి మా గడప దాకా తడి గీత పడింది. ఆ గీత పట్టుకుని మూలింటక్క వచ్చేసింది.

"ఏమే చెల్లీ, నీ బిందె దోవంతా ఒంటికి పోతా వచ్చిందే?"

"తొణికిందిలే అక్కా."

"తొణికితే పైన కదా పడాల. ఇది కిందనుంచి పడతా ఉండాదే!"

చెయ్యి చాపి, మళ్లీ వెనక్కు తీసుకుంది. మా ఇంట పురుడు కదా, ఆ పది రోజులూ మా వస్తువు ఏదీ ఎవరూ ముట్టరు. "పురుడు పోనీ. పదకొండో దినం తాత ముందర నీళ్లు పోసి చూస్తాము" అని చెప్పి పోయింది. పురుడు వచ్చినందుకు సంతోషపడిన ఆడది లోకంలో నేనొక్కదాన్నే అనుకుంటాను.

ఇత్తడి బిందె చిల్లిపడితే మాటు వేసేవాడు వస్తాడు. ప్లాస్టిక్ బిందెకు వైద్యుడు ఏడీ? నేనే మొదలుపెట్టాను. ముందు స్నానం సబ్బు ముక్క మెత్తగా చేసి పగుల్లో కూరాను. కాసేపు బాగానే ఆగింది. ఆ నీళ్లతోనే కాఫీ పెట్టాను. మా ఆయన గనిలో హాజరీ గుమాస్తాగా చేసి, అది మూతపడ్డాక పేపరుకే హాజరవుతున్న మనిషి. తలెత్తకుండా తాగేసి, "ఈ రోజు నురగ బాగా వచ్చిందే" అన్నారు. ఆ తర్వాత కొవ్వొత్తి కరిగించి పోశాను. అది చల్లారి పెళ్లలు పెళ్లలుగా రాలింది. ఆ తర్వాత, చుక్క వేస్తే చాలు పట్టేస్తుందనే గమ్ము తెచ్చాను. పట్టిన మాట నిజమే. బిందెను కాదు, నా బొటనవేలినీ చూపుడువేలినీ పట్టింది. ఆ పూట ముగ్గు పట్టుకున్న చేతిలాగే పెట్టుకుని అన్నం తిన్నాను.

మా ఆయన పేపరు మడిచి, "కొత్తది కొందామా?" అన్నారు.

"బిందె కొనొచ్చు. మూడో స్థానం యాడ అమ్ముతారు?" అన్నాను.

ఆయన బజారుకు పోయి, రెండు ట్యూబులు సమంగా కలిపి పూసే గమ్ము తెచ్చారు. ట్యూబుమీద చీమ తలకాయంత అక్షరాలు చదివి చెప్పారు, నేను చేశాను. పగులుకు అటూ ఇటూ ఉప్పుకాగితంతో గరుకు చేశాను. చెయ్యి విరిగితే కట్టు కట్టినట్టు, గమ్ముమీద దోమతెర ముక్క పరిచి, దానిమీద మళ్లీ గమ్ము పూశాను. (దోమతెర మా ఆయనదే. కాళ్ల వైపు కోశాను. ఆయన కాళ్లు మంచం దాటవు కదా అని.) మర్నాటికి అతుకు రాయిలాగా గట్టిపడింది. మురిసిపోయి వేలితో ఒక్కసారి నొక్కాను. కాలిన పెనం మీద దోశ లేచినట్టు మొత్తం ఒక్క ముక్కగా లేచి వచ్చేసింది. (దాన్ని పారేయలేదు. ఉప్పు జాడీకి మూతగా చాలా కాలం పనికొచ్చింది.)

మా అత్తగారు గోడకానుకుని వక్కలు కత్తిరించుకుంటూ ఇదంతా చూస్తూనే ఉంది. "గమ్ము ఏం చేస్తాదే? బిందెకు దిష్టి తగిలుండాది. ఆ మూలింటిదాని కన్ను" అంది. లేచి, ఇనప గరిటెలో కర్పూరం వెలిగించి, బిందె చుట్టూ తిప్పింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అంటూ మంటను పగులు దగ్గరికి తెచ్చి, దానిమీద అటూ ఇటూ ఆడించింది. మంట బిందెను నాకినంత దగ్గర.

"అత్తా, కరిగిపోతాది!"

"కరిగేది బిందె కాదే, కన్ను."

ఇంక చేసేదేముంది, అదే చోట మళ్లీ గమ్ము కలిపి, మళ్లీ దోమతెర పరిచాను. మర్నాడు గోటితో గీకాను, రాలేదు. పట్టకారుతో లాగాను, పట్టకారు జారింది. నీళ్లు పోసి పొద్దంతా ఉంచాను. చుక్క కారలేదు! మా ఆయన వచ్చి తట్టి చూసి, "మంట తగిలి పైన జిడ్డు పోయుంటాది, అందుకే పట్టింది" అన్నారు. "జిడ్డు కాదురా, దిష్టి" అంది మా అత్త. ఇద్దరిలో ఎవరిది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. ఏ ప్లాస్టిక్ వస్తువు అతికించినా ముందు గరుకు చేసి, మంట అట్లా చూపించి తీసేస్తాను. నోట్లో దిష్టి మాటలు కూడా అనుకుంటాను. వాటికి ఖర్చు లేదు కదా.

పదకొండో రోజు వచ్చింది. ఉన్న నీళ్లన్నీ తల్లీబిడ్డల స్నానానికీ, ఇల్లు కడగటానికీ అయిపోయాయి. నేను నా పెళ్లి పట్టుచీర కట్టాను. ఆవపూవు రంగు, వంకాయ రంగు అంచు, అంచుమీద జరీ. పెట్టెలోంచి అది బయటికి వచ్చిన సార్లు తక్కువ. అన్నీ సర్దుతుంటే గూట్లో ఆ గమ్ము ట్యూబులు కనబడ్డాయి. ఇంకా కొంచెం మిగిలి ఉంది. నోరు తెరిచిన ట్యూబు ఎన్నాళ్లు నిలుస్తుంది? ఎండిపోతే దండగ. అతుకు బాగానే ఉంది, దానికి ఇంకేమీ అక్కరలేదు. అయినా మనసొప్పక, మిగిలినదంతా పిండి కలిపి, అతుకుమీద ఇంకో పూత దట్టంగా పూసేశాను. పూయడం అయిందో లేదో బయట ఈల వినిపించింది. అతుకు ఎవరి కంటా పడకూడదని, దాన్ని నా వైపు తిప్పి, కొంగు బిగించి దోపుకున్న నడుముమీద బిందె పెట్టుకుని పరుగెత్తాను.

మూలింటక్క నైటీమీద తువ్వాలు వేసుకుని, నాకోసమే కాచుకుని ఉంది.

"పట్టుచీర కట్టినావే, బిందెకు పెండ్లా?"

"మనవరాలికి పేరు పెడతా ఉండాము. తినేదానికి రమ్మని నీకు చెప్పినాను కదక్కా."

"తినేదానికి వస్తాను. ముందు బిందె దించు. తాతా, ఈయమ్మ బిందె కారతాది. నా కండ్లతో చూసినాను."

"ఆ కండ్లే తగిలినాయి" అన్నాను.

"ఏమంటివి?"

ఇంక మొదలైంది. నేను దించలేదు, దించితే అతుకు కనబడుతుంది. ఆమె మాట వదల్లేదు. ఎప్పటెప్పటివో, అరువు తీసుకున్న జల్లెడ దాకా అన్నీ బయటికి వచ్చాయి. కొళాయి దగ్గి, గాలి వదిలి, నీళ్లు పట్టుకునేదాకా బిందె నా నడుముమీదే ఉంది. మొదటి బిందె నిండింది, రెండోదీ నిండింది. "మూడు!" అన్నాడు ఈల తాత. నేను బిందెను దించబోయాను. బిందె దిగలేదు. ఇంకొంచెం వంగాను. బిందె దిగింది, దానితోపాటు నేనూ దిగాను.

"దించి పక్కకు రామ్మా, నీళ్లు పోసి చూస్తాను" అన్నాడు తాత.

"పక్కకు వచ్చేదానికి లేదు తాతా. మీరు ఇట్లే పోయండి."

"ఎందుకు లేదు?"

చెప్పే అవసరం లేకపోయింది. వెనకనుంచి ఒకామె నా కొంగు పట్టి లాగింది, బిందె కదిలింది. లైను లైనంతా గొల్లుమంది. తాత కూడా నవ్వును మీసం కింద దాచుకుని, "స్థానం కొడానిది అన్నాను. మనిషీ కొడమూ అతుక్కుంటే ఏమని నేను చెప్పలేదే" అని, బిందె నిండా నీళ్లు పోశాడు. అందరూ కింద రాతివైపు చూశారు. నేను మూలింటక్క ముఖం చూస్తూ గొంతుక్కూర్చున్నాను. రాయి పొడిగానే ఉంది. తాత వేలి కణుపుతో బిందెను తట్టి, చెవి పెట్టి విన్నాడు. గనిలో పైకప్పు రాయి గట్టిగా ఉందో లేదో అట్లాగే తట్టి వినేవాళ్లట. "బాగుండాది. మూడోదే" అన్నాడు.

నేను లేచి నిలబడితే బిందె పోవాల్సిన చోటే, చంకనే ఉంది. నా తక్కిన పాత్రలు నింపేదెవరు? ఒక చేత్తో నా వల్ల కాదు. మూలింటక్క గొణుక్కుంటూనే నా అండా, డ్రమ్ములు, బకెట్లు అన్నీ పట్టి, నా వెనకాలే మోయడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే మా గడప ముందు ఆటో ఆగి, వియ్యపురాలు దిగింది. నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"ఏమి వదినా, పట్టుచీర కట్టుకొని నీళ్లు మోస్తా ఉండావు?"

ఆ మాట నాకు ఎక్కడినుంచి వచ్చిందో దేవుడికే తెలియాలి. "మా పక్క పేరు పెట్టే దినం తొలి బిందె పట్టు కట్టుకొనే తెస్తాము వదినా. గంగమ్మ కదా, చంకనుంచి దించకుండా లోపలికి తీసకపోవాల" అన్నాను. అని, మూలింటక్క వైపు చూడటానికి భయపడ్డాను. చిరుగుల నైటీలో, రెండు బకెట్లతో నిలబడిన ఆ మహాతల్లి రెప్ప వేయకుండా, "అవునమ్మా, మా లైనులో అందరమూ అంతే" అంది.

వియ్యపురాలు చెప్పులు విడిచి, బిందెకు దండం పెట్టింది.

లోపల మా అత్త తలుపు వేసి, అడకత్తెరతో బిందెకు అంటుకున్న కొంగు ముక్కను చుట్టూ కత్తిరించింది. వక్కలు కత్తిరించేదానితో పట్టు. నేను అటు చూడలేదు. "దిష్టి పోయిందిలే" అంది మా అత్త, నా వీపుమీద చెయ్యి వేసి. కొంగు చిరుగు లోపలికి దోపుకుని వచ్చి, నేనే వడ్డించాను. వియ్యపురాలు చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి పోయి, వరసగా నిండి ఉన్న పాత్రలన్నీ చూసింది. చాలాసేపు చూసింది. వెళ్లేముందు బిడ్డ నుదుట చెయ్యి పెట్టి, "ఇంత ఆచారం ఉండే ఇల్లు. ఇంగ మూడు నెలలు ఇక్కడే ఉండనీ" అంది. మా అమ్మాయి ఈసారి నా వైపు తిరిగి పడుకుంది.

సాయంత్రం అందరూ వెళ్లాక మూలింటక్క వచ్చింది. తువ్వాలు కింద ఏదో దాచుకుంది. కనబడకముందే వాసన వచ్చింది. స్నానం సబ్బు.

"ఎప్పటినుంచి అక్కా?"

"నీకంటే ముందునుంచే."

"మరి నా బిందెమీద ఎందుకు పడితివి?"

"నీది పగిలింది కదా, ఎట్ల అతికిస్తావో చూడాలని. నేరుగా అడిగితే నాదీ కారతాదని తెలిసిపోదా?" అని, నా ముందు బిందె పెట్టింది. "ఊరికే నవ్వొద్దు. మీ అత్తను అడిగి కర్పూరం నేనే తెచ్చినాను."

ఆమె ఎవరితో చెప్పిందో, ఆ తర్వాత తువ్వాళ్ల కింద, చీర కొంగుల కింద, గోనెసంచుల్లో లైనులోని బిందెలన్నీ ఒక్కొక్కటిగా మా ఇంటికి వచ్చాయి. ఏదీ మంచిది కాదు! కొన్నిటికి మైనం, కొన్నిటికి తారు, ఒకదానికి నమిలిన బబుల్‌గమ్. అందరమూ ఒకరి బిందె ఒకరికి తెలియకుండా దాచుకుని, ఒకరినొకరం కాపలా కాశాం. మా అత్తగారు వరండాలో పీట వేసుకుని బిందెలకు దిష్టి తీయడం, నేను గమ్ము పూయడం, మా ఆయన దోమతెర పొట్టిదవుతూ పోవడం. ఒక మధ్యాహ్నం ఈల తాత కూడా ఒకటో నంబరు బిందెను పేపరులో చుట్టుకుని వచ్చాడు. మెడలో ఈల లేదు. "ఇప్పుడు నేను తీర్పుకు రాలేదమ్మా, వైద్యానికి వచ్చినాను" అన్నాడు.

ఆ మనుషుల్లో చాలామంది ఇప్పుడు లేరు. ఇళ్లలోకి కొళాయిలు వచ్చాయి, కొళాయి దగ్గర వరసా పోయింది. పెళ్లి చీర మిగిలిన ముక్క మనవరాలికి ఉయ్యాల గుడ్డ అయింది, అది చిరిగాక బొంతలో కలిసిపోయింది. నీలం బిందె మాత్రం పెరటి గుమ్మం పక్కన ఉంది. రంగు వెలిసింది, అంచు అరిగింది. కడుపుమీద ఆవపూవు రంగు ముక్క, దానికి వేలెడు జరీ, అంగుళం కూడా లేవలేదు. మా ఇంట్లో ఇప్పుడు రోజూ పట్టు కట్టుకునేది ఆ బిందె ఒక్కటే.

మొన్న నంగలిలో వియ్యాలవారింట ఒక బిడ్డకు పేరు పెడుతుంటే వెళ్లాం. మా వియ్యపురాలు, ఆ రోజు పేరు పెట్టించుకున్న నా మనవరాలికి పట్టుచీర కట్టించి, చంకన స్టీలు బిందె పెట్టి, మోటారు దగ్గరినుంచి నీళ్లు తెమ్మంది. దించకూడదని మరీ మరీ చెప్పింది. పిల్ల ఆపసోపాలు పడుతూ నా ముందునుంచి పోతూ, "అమ్మమ్మా, ఎందుకిట్లా?" అంది. చంకన బిందె, బిగదోపిన కొంగు, గంటు పెట్టుకున్న ముఖం. అచ్చం ఆ రోజు కొళాయి దగ్గర కూర్చున్న పడుచు అమ్మమ్మే. నాకు నవ్వొచ్చింది, దానితోపాటు ఇంకేదో కూడా వచ్చింది.

"ఆచారమమ్మా" అన్నాను. "మెల్లగా పో, తొణుకుతాది."